కృతజ్ఞతల కిటికీ

ముందుగా చదివేవాళ్లు నన్ను మన్నించాలి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నాకు ఇప్పటికీ అనుమానమే. అనుమానం వచ్చిన చోటల్లా ఒకటి పెట్టేశాను. ఎక్కువైనవి మీరే తీసేసుకోండి. రాయడం కూడా నెమ్మదే. పేజీకి ఒక పూట పడుతుంది, పొయ్యి మీద అన్నం ఉంటే ఇంకా ఎక్కువ. మా ఆయన ఉన్నన్నాళ్లూ నాకు అక్షరాలతో పని పడలేదు. ఆయన పోయాక పింఛను మిషను నా వేలిముద్రను గుర్తుపట్టలేదు. కలుపు తీసీ తీసీ వేలి మీద గీతలు అరిగిపోయాయట. వేలు ఉంది, మనిషిని ఎదురుగా ఉన్నాను, అయినా నేను నేనని రుజువు లేదు. సంతకం నేర్చుకుని రమ్మన్నారు. పక్కింటి కోడలు శిరీష దగ్గర పలక పట్టుకుని కూర్చున్నాను. సంతకం కోసం మొదలైన చదువు ఆగలేదు. ఇదిగో, ఇంతదాకా వచ్చింది.

నేను చెప్పబోయేది మా బోరు గురించి.

మాది గెడ్డొడ్డు వీధి. గెడ్డంటే మా వైపు వాగు. వీధికంతటికీ ఒకటే చేతిబోరు. మాఘమాసంలో ఒకరోజు పిడి నొక్కితే గాలి వచ్చింది. మర్నాడు గాలి కూడా రాలేదు. అప్పటినుంచి బిందెలు పట్టుకుని గెడ్డలోకి దిగడమే. ఎండాకాలం గెడ్డలో చెలమ తీసుకుంటే నీళ్లు బాగానే ఉంటాయి. ఆషాఢంలో కొత్తనీరు వచ్చిందంటే మాత్రం గెడ్డంతా ఎర్రమట్టి. ఆ నీళ్లు చూసి గేదెలు కూడా మొహం తిప్పుకుంటాయి. కాబట్టి వానలు పడేలోగా బోరు బాగవ్వాలి. మాకు కావలసింది అంతే. ఈలోగా మా ఎదురింటి సన్యాసమ్మ నిండు బిందెతో గెడ్డ గట్టు ఎక్కుతూ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది.

"పదవే అప్పా, ఆఫీసుకెల్లి సెప్పీసొద్దాం. నా సెయ్యి సూపిస్తే ఆలకే జాలేస్తాది" అంది సన్యాసమ్మ. మా వైపు అప్ప అంటే అక్క.

ఆఫీసంటే ప్రాంతీయ పరిపాలనా సంస్థ. పాత ఆఫీసులు జనానికి దూరంగా ఉన్నాయని, నాలుగు మండలాలకూ కలిపి కొత్తగా పెట్టారు. మా అదృష్టం కొద్దీ మా ఊరి చివర జీడితోట పక్కనే కట్టారు. మేం వెళ్లేసరికి గోడ మీద పెద్ద బట్ట కట్టి ఉంది. కూడబలుక్కుని చదివాను: 'ప్రాంతీయ సంస్థల సమర్థత మదింపు మహోత్సవం.' ఫిర్యాదుల కిటికీలో గుమస్తా ఈశ్వర్రావు కూర్చుని ఉన్నాడు.

"ఏటమ్మా?" అన్నాడు.

"గెడ్డొడ్డు వీధి బోరు పాడైపోనాది బాబూ. రాసుకోండి."

"బాగైపోయిందా?"

"బాగైపోతే మేమెందుకొస్తాం?"

"నేనూ అదే అంటన్నాను. బాగయ్యాక రండి. అప్పుడు రాసుకుంటాను."

సన్యాసమ్మ నా చెవి దగ్గరికి వచ్చింది. "ఓలప్పా, ఈడికేటైనా గాలి సోకిందేటి?"

ఈశ్వర్రావు తప్పు కాదని తర్వాత తెలిసింది. లోపలికి పొమ్మంటే కార్యదర్శి త్రినాథరావు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, కళ్లజోడు తుడుచుకుని, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పారు.

"అమ్మా, మీరు వ్యక్తిగతంగా ఆలోచిస్తున్నారు. కాస్త సంస్థాగతంగా ఆలోచించండి. రాష్ట్రంలో ఉన్న ప్రాంతీయ సంస్థలన్నిటి సమర్థతనూ ఇప్పుడు మదింపు చేస్తున్నారు. ఫిర్యాదు స్వీకరించిన క్షణం నుంచి పరిష్కరించిన క్షణం వరకు పట్టిన వ్యవధి, అదీ ప్రమాణం. మీ బోరు సామగ్రి జిల్లా కేంద్రం నుంచి రావాలి. ఎప్పుడొస్తుందో జిల్లా కేంద్రానికే తెలియదు. నేనిప్పుడు మీ ఫిర్యాదు స్వీకరించాననుకోండి, వ్యవధి మొదలైపోతుంది. ఇక ఆగదు. మీ ఒక్క బోరు మూలంగా నాలుగు మండలాల సమర్థత దిగజారిపోతుంది. ఇది మీకు న్యాయమేనా?"

నాలుగు మండలాల భారం తెచ్చి నా నెత్తిన పెట్టారు. అయినా "మా సన్యాసమ్మ చెయ్యి ఇరిగింది బాబూ" అన్నాను.

"చెయ్యి వైద్యశాఖ కిందికి వస్తుంది" అన్నారు ఆయన, చాలా మర్యాదగా.

ఆ వారమే ఊళ్లోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. "మీ బోరు చక్కగా పనిచేస్తోందా? మీ వీధి దీపం ఝామ్మని వెలుగుతోందా? ఆలస్యం చేయకండి! వెంటనే ఫిర్యాదు చేయండి!" అని అరుచుకుంటూ వీధి వీధీ తిరిగింది. మా వీధి మొదట్లోకి వచ్చి మైకు ఆపేసుకుని వెనక్కి మళ్లింది.

విషయం ఏమిటంటే, పాడైనవాటి మీద ఫిర్యాదు తీసుకుంటే వ్యవధి పెరుగుతుంది. అసలు ఫిర్యాదులే లేకపోతే సంస్థ ఏం పరిష్కరించినట్టు? కాబట్టి బాగున్నవాటి మీద ఫిర్యాదులు కావాలి. సంత వీధిలో ఇడ్లీ బండి పెట్టుకున్న కామేశ్వరి ముందుకొచ్చింది. వాళ్ల బోరు ఏనుగు తొండంలా నీళ్లు పోస్తుంది. ఒక చేత్తో బోరు కొడుతూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, "మా బోరు నుంచి సుక్క నీరు రావట్లేదండీ" అని చెప్పింది. మెకానిక్ సూర్రావు సైకిలు మీద వచ్చాడు. పిడి ఒకసారి నొక్కాడు. నీళ్లు వచ్చాయి. ఫోటో తీశాడు. సమస్య పరిష్కరించబడినది.

కామేశ్వరి పొద్దున్నా సాయంత్రమూ ఫిర్యాదు చేసింది. ప్రతిసారీ పరిష్కారమైంది. త్రినాథరావు గారు సభ పెట్టి, ఆవిడకు ఉత్తమ ఫిర్యాదుదారు అని శాలువా కప్పారు. "ఇలాంటి బాధ్యతాయుతమైన పౌరులే సంస్థకు ఊపిరి" అన్నారు. అంటూ ఎందుకో నా వైపు చూశారు.

ఇంతలో పక్క ప్రాంతం వాళ్లు మమ్మల్ని దాటిపోయారని కబురొచ్చింది. అక్కడ ఫిర్యాదు రాకముందే పరిష్కరిస్తున్నారట. ఆ మాట విన్న రోజు త్రినాథరావు గారు మధ్యాహ్నం భోజనం చెయ్యలేదని ఈశ్వర్రావు చెప్పాడు. మర్నాడు ఆటో మైకులో కొత్త పాట వచ్చింది. "పరిష్కారం ముందు! సమస్య తర్వాత!"

సూర్రావు సంత వీధికి వెళ్లి, బంగారంలా పనిచేస్తున్న బోరును ముందస్తు పరిష్కారం కోసం విప్పాడు. విప్పడం బాగానే విప్పాడు. బిగించాక నీళ్లు మానేసింది. గొట్టం లోపల ఏదో జారిపోయిందట. ఉత్తమ ఫిర్యాదుదారు కామేశ్వరి శాలువా కప్పుకునే ఆఫీసుకు పరిగెత్తింది.

"మీ బోరు ఈ ఏడాదికి పరిష్కారమైపోయిందమ్మా" అన్నాడు ఈశ్వర్రావు.

"ఇప్పుడు నిజంగా పాడైపోయిందయ్యా బాబూ!"

"పరిష్కారం అయినాక పాడైతే అది సంస్థ లెక్కలోకి రాదు. అది మీ సొంతం."

మర్నాడు కామేశ్వరి కూడా మాతో గెడ్డలోకి దిగింది. శాలువాను చుట్టకుదురు చేసి నెత్తి మీద పెట్టుకుని, దాని మీద బిందె ఎత్తుకుంది. మంచి మందమైన శాలువా. బిందె కదల్లేదు.

"నవ్వండి, నవ్వండి" అంది మమ్మల్ని చూసి. "మీకు బోరే పోనాది. నాకు బోరూ పోనాది, పరువూ పోనాది."

అప్పుడు ఫిర్యాదుల కిటికీ ఎత్తేశారు. పరిష్కారాలన్నీ ముందే అయిపోయాక ఫిర్యాదులెందుకు? అదే కిటికీకి రంగు వేసి, బంతిపూల దండ కట్టి, 'కృతజ్ఞతల కిటికీ' అని బోర్డు పెట్టారు. మదింపులో ప్రజాసంతృప్తికి వేరే మార్కులు ఉన్నాయట. ఫిర్యాదుల కాలంలో అక్కడ ఎండలో నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు పందిరి వేశారు, కుర్చీలు వేశారు, వచ్చినవాళ్లకు గ్లాసుడు మజ్జిగ ఇస్తున్నారు. అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ. అయినా జనం రాలేదు. ఈశ్వర్రావు ఒక్కడే కూర్చుని మజ్జిగంతా తాగి జలుబు తెచ్చుకున్నాడు.

సన్యాసమ్మ చేతికి కట్టు మార్పించుకుని వస్తున్నాం ఒకరోజు. మండుటెండ.

"అప్పా, నోరెండిపోతంది. ఆ కిటికీ కాడ కూకుని మజ్జిగ తాగీసి పోదాం" అంది.

"తాగాలంటే కృతజ్ఞత సెప్పాలే."

"సెప్తే పోలే. నోటి మాటే గదా, బిందె మొయ్యాలేటి?"

కూర్చున్నాం. ఈశ్వర్రావు ముక్కు చీదుకుంటూ సంతోషంగా లేచాడు. మజ్జిగ ఇచ్చాడు. "దేనికి కృతజ్ఞత?" అన్నాడు.

మజ్జిగ చల్లగా గొంతు దిగింది. అప్పుడే నాకు ఆలోచన వచ్చింది. ఈ ఆఫీసుకు ఒక చెవి మూసుకుపోయింది. రెండో చెవి బాగానే ఉంది కదా, దాంట్లో చెబితే పోలేదా?

"మా గెడ్డొడ్డు వీధి బోరు బాగుచేయించినందుకు బాబూ" అన్నాను. "నీళ్లు ఎంత తియ్యగా ఉన్నాయో! కొబ్బరినీళ్లే."

సన్యాసమ్మకు పొలమారింది. ఈశ్వర్రావు కలం గాల్లోనే ఆగిపోయింది.

"అది పాడైందని మీరే గదమ్మా వచ్చారు?"

"మీరు రాసుకున్నారా?"

"నేదు."

"రాసుకోకపోతే అది పాడైనట్టా?"

కాసేపు ఆలోచించాడు. "నేదు. రికార్డు ప్రకారం మీ బోరు ఎప్పుడూ పాడవ్వనేదు" అన్నాడు. ఇంకాసేపు ఆలోచించి, "పాడవ్వకుండానే బాగుచేశామంటే అది మా సంస్థ గొప్పదనం" అన్నాడు. రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను. నా సంతకం చూసి శిరీష గర్వపడాలి, అంత బాగా కుదిరింది ఆ రోజు.

బయటికి వచ్చాక సన్యాసమ్మ నా మీద విరుచుకుపడింది. "ఒలే అప్పా, సదువొచ్చి నీకు మతి పోనాదే! రాని నీల్లకి దండాలెట్టొచ్చావు. ఇంక ఆలు సచ్చినా బాగుసెయ్యరు."

ఆ మాటకు నాకూ భయం వేసింది. ఆకాశం చూస్తే మబ్బులు కూడుతున్నాయి. రాబోయే వానల్లో మా వీధంతా ఎర్రనీళ్లు తాగితే, అది నా సంతకం కిందే తాగినట్టవుతుంది.

తర్వాత వారంలో మదింపు బృందం దిగింది. పెద్దావిడ పేరు హిమబిందు గారు. నూలు చీర, చేతిలో పలకలాంటి ఫోను, మంచి మనిషి. కృతజ్ఞతలన్నీ తిరగేశారట. మిగతావన్నీ ఆఫీసు వాళ్ల భార్యలూ, బావమరుదులూ చెప్పినవి. అన్నిటిలోనూ ఒకటే మాట, ఒకటే చేతిరాత. మధ్యలో వంకరటింకర సంతకంతో నాది ఒక్కటే కనిపించింది.

"ఇది స్వచ్ఛందమైన, ప్రేరేపితం కాని, అట్టడుగు స్థాయి సంతృప్తి" అన్నారట ఆవిడ. "భోజనం అయ్యాక ఈ బోరు దగ్గరికే వెళ్దాం. ఆ నీళ్లు నేను స్వయంగా తాగాలి."

త్రినాథరావు గారి జీపు మా ఇంటి ముందు ఆగేసరికి నేను బియ్యం ఏరుతున్నాను. ఆయన జీవితంలో మొదటిసారి మా వీధి చూశారు. ఆయన మొహం మీద చెమట కారిపోతోంది.

"అమ్మా అసిరమ్మ గారూ!" అన్నారు. అంతకుముందు నన్ను 'గారు' అన్నవాళ్లు ఎవరూ లేరు. "మీరు మీ కృతజ్ఞతను తక్షణమే ఉపసంహరించుకోవాలి."

"అంటే ఏటి బాబూ?"

"వెనక్కి తీసుకోండి. బోరు బాగవలేదని చెప్పండి."

"బాగవలేదని సెప్తే అది ఫిర్యాదు గదా బాబూ? తమరు తీసుకోరు గదా?"

ఆయన చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నారు.

"పైగా రాసుకున్నారంటే వ్యవధి మొదలైపోతాది" అన్నాను. "ఆవిడ ఇక్కడుండగానే మొదలైపోతాది. నాలుగు మండలాల సంగతి సూసుకోండి మరి."

సన్యాసమ్మ గుమ్మంలోంచి, కట్టుకట్టిన చెయ్యి కొంగులో దాచుకుని, "నీల్లు కొబ్బరినీల్లేనండీ బాబూ" అంది.

త్రినాథరావు గారు ఫోను తీశారు. జిల్లా కేంద్రం నుంచి రావలసిన సామగ్రి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదని ఆయనే చెప్పారు కదా. అది అబద్ధం కాదు. అందుకని సూర్రావు ఆఫీసు ఆవరణలో ఉన్న చేతిబోరును విప్పి, దాని లోపలి కడ్డీలూ, తోలు వాషర్లూ భుజాన వేసుకుని వచ్చేశాడు. అవతల హిమబిందు గారిని భోజనం దగ్గర కూర్చోబెట్టారు. కోడికూర తర్వాత చేపల పులుసు, పులుసు తర్వాత వంకాయ, మళ్లీ కొంచెం పులుసు. సూర్రావు ఫోన్లో "ఇంకా అవ్వనేదు" అన్నప్పుడల్లా ఈశ్వర్రావు ఆవిడ విస్తట్లో ఇంకో గరిటె అన్నం వేశాడట. పాపం ఆవిడ వద్దు వద్దంటూనే ఉన్నారట.

పెరుగన్నం అయ్యాక చేతులు కడుక్కుందామని లేచారు. పంపు తిప్పితే నీళ్లు లేవు. ఆఫీసు ట్యాంకు నింపేది ఆ చేతిబోరు కొట్టిన నీళ్లతోనే. ఉన్న బిందె నీళ్లూ మజ్జిగకు అయిపోయాయి.

మా వీధిలో ఆ రోజు చూసినది నేను బతికున్నన్నాళ్లూ మరిచిపోను. మూడు జీపులు వరుసగా వచ్చి ఆగాయి. తలుపులు ఎవరికి వాళ్లు తీసుకోలేరు, కుడిచేతులన్నీ ఎంగిలి. నాలుగు మండలాల అధికారులు పులుసు ఓడుతున్న చేతులు గాల్లో పెట్టుకుని, ఎవరినో దీవిస్తున్నట్టు, ఒకరి వెనక ఒకరు దిగారు. సూర్రావు అప్పుడే చివరి బోల్టు బిగించాడు.

నేను పిడి పట్టుకున్నాను. దేవుడా, నా పరువు కాపాడు అనుకుని నొక్కాను. గాలి వచ్చింది. ఇంకోసారి నొక్కాను. బోరు గుడగుడమంది. మూడోసారికి తుప్పునీళ్లు, ఆ వెనకే తెల్లటి నీళ్లు ధారగా పడ్డాయి.

హిమబిందు గారు ముందు చేతులు కడుక్కున్నారు, తర్వాత దోసిలి పట్టి తాగారు. "నిజంగానే తియ్యగా ఉన్నాయి" అన్నారు. అంత కారం పులుసు తిన్నాక ఏ నీళ్లయినా తియ్యగానే ఉంటాయి. ఆవిడ వెనక త్రినాథరావు గారు కడుక్కున్నారు. సన్యాసమ్మ ఎడం చేత్తో ఆయనకు తుడుచుకోవడానికి కండువా కూడా అందించింది.

ఆవిడ నివేదికలో ఏం రాశారో ఈశ్వర్రావు మాకు చదివి వినిపించాడు. 'ఈ సంస్థ అధికారులు భోజనానంతరం సైతం సామాన్య ప్రజల బోరు వద్దకే వచ్చి చేతులు కడుక్కునే ఉన్నత సంప్రదాయాన్ని నెలకొల్పారు. పాలకులకూ పాలితులకూ మధ్య ఇంతటి సాన్నిహిత్యం మరే ప్రాంతంలోనూ కానరాలేదు.' మా సంస్థకు రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ మర్నాడు పొద్దున్నే బిందె తీసుకుని వెళ్తే బోరు చుట్టూ ఇనుప కంచె, పిడికి గొలుసు, గొలుసుకు తాళం. పైన బోర్డు: 'ఆదర్శ బోరు. తాకరాదు.' రాష్ట్ర బృందం చూడ్డానికి వచ్చేదాకా పాడవకుండా ఉండాలట. వాడితే కదా పాడయ్యేది, వాడకుండా ఉంటే శాశ్వతంగా ఆదర్శమే.

వీధి ఆడవాళ్లందరూ నా మీదికి వచ్చారు. సన్యాసమ్మ రాయి తీసుకుని తాళం పగలగొడతానంది.

"ఆగవే. రాయితో పనేటి? పద, మజ్జిగ తాగొద్దాం" అన్నాను.

కృతజ్ఞతల కిటికీ దగ్గర కూర్చుని, మజ్జిగ తాగి, బోరుకు వేసిన తాళం తీసి జనానికి వదిలిపెట్టినందుకు, ఆడవాళ్లు పొద్దున్నే వరుసగా నీళ్లు పట్టుకుంటుంటే చూడముచ్చటగా ఉన్నందుకు కృతజ్ఞత చెప్పాను. ఆ ముచ్చట చూడ్డానికి హిమబిందు గారు ఇంకోసారి వస్తే బాగుంటుందని కూడా చేర్చాను. సంతకం పెట్టాను. ఈశ్వర్రావు నన్ను చూశాడు, రాసినదాన్ని చూశాడు, తాళంచెవి తీసుకుని సైకిలెక్కాడు.

ఆ శనివారమే వాన పడింది. గెడ్డ ఎర్రగా పొంగింది. మేం ఎవరమూ దాని గట్టు మీదికి వెళ్లలేదు. సన్యాసమ్మ చెయ్యి అతుక్కుంది, కొంచెం వంకరగా. వంకరైనా బోరు పిడికి సరిగ్గా సరిపోతుంది అంటుంది.

ఇప్పుడు మా ఇంటి అరుగు ఖాళీగా ఉండటం లేదు. కామేశ్వరి బోరుకు కృతజ్ఞత చెప్పేశాను, అది మళ్లీ తొండమెత్తింది. ఆఫీసు బోరుకు కూడా చెప్పమని త్రినాథరావు గారే మనిషిని పంపారు. ఆయన తన గురించి తాను చెప్పుకుంటే చెల్లదట. నిన్న గెడ్డ అవతలి పాకల వాళ్లు వచ్చారు. గెడ్డ మీద వాళ్లకు వంతెన లేదు. ఇంత పెద్దదానికి కుదురుతుందో లేదో అని భయపడుతూనే, రేపు వెళ్లి, అంత గట్టి వంతెన కట్టించినందుకు దండం పెట్టి వస్తానని మాట ఇచ్చాను. రెండు లారీలు ఎదురెదురుగా పోతున్నాయని కూడా చెబుతాను.

ఈ కథ అచ్చు వేసే సంపాదకుల వారికి: ఒత్తులన్నీ ఓపిగ్గా సరిదిద్ది, ఒక్క ముక్క కూడా తీసేయకుండా, మొదటి పేజీలోనే వేసినందుకు నా కృతజ్ఞతలు.

బెవర అసిరమ్మ,
అరవై ఎనిమిదేళ్లు,
ప్రస్తుతం ఉంటున్నది: బోరు ఎదురిల్లు, గెడ్డొడ్డు వీధి, చినగంటివలస.